మంద నడకన వెళ్లే వ్యాను

నేను నిలబడి పనిచేసిన మెకానిక్‌ను. తాండూరులో నా షెడ్డు నడిచిన ముప్పై ఏళ్లలో ఏ బండి కిందా పడుకోలేదు, ఒక్కసారి తప్ప ఏ బండి ముందూ మోకాలు వంచలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకు నా పద్ధతి ముందే తెలియకపోతే, నేను చెప్పబోయే పొరపాటు అర్థం కాదు.

మా తాతగారి కాలంలో వికారాబాద్ చుట్టుపక్కల మా ఇంటి బండి వస్తుంటే ఎదురొచ్చే బండ్లు పక్కకు తప్పుకునేవట. నా కాలానికి ఇంట్లో మిగిలింది ఒక జీపు. అదీ కదలనిది. భూములు ఎలా పోయాయో చెప్పుకోవడం మా ఇంట్లో అలవాటు లేదు కనుక వదిలేస్తున్నాను. ఆ జీపును ఎలాగైనా కదిలించాలని విప్పాను. ఆరు నెలలకు అది కదిలింది. ఆలోగా నాకు వేరే పనేదీ చేతకాదని ఊరందరికీ తెలిసిపోయింది. అలా మెకానిక్‌నయ్యాను.

అయితే నా తీరు నాదే. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, పొడవైన స్క్రూడ్రైవర్ కొనను ఇంజనుకూ పిడిని చెవికీ ఆనించి, నిటారుగా నిలబడి జబ్బు చెప్పేవాణ్ని. కింద దూరవలసి వస్తే నాతో పనిచేసిన పెద్ద మిస్త్రీ దూరేవాడు. ఆయన పడుకుని చెప్పేవాడు, నేను నిలబడి నిర్ణయించేవాణ్ని. ఇరవై ఆరేళ్లు ఇద్దరికీ అలాగే గడిచింది. వచ్చినవాళ్లు "మిస్త్రీ" అని పిలిస్తే నేను పలికేవాణ్ని కాదు. ఆయన పలికేవాడు. తాతల నాటి హోదాతో "పటేలా" అని పిలిస్తే నేను పలికేవాణ్ని. చివరి రోజుల్లో అలా పిలిచేవాళ్లు తగ్గిపోయారు. పనంతా ఆయనతోనే మాట్లాడుకుని వెళ్లేవాళ్లు.

అలాంటి రోజుల్లో ఆ వ్యాను వచ్చింది.

పాత పెట్రోలు వ్యాను. ముందు సీట్ల కిందే ఇంజను. హైదరాబాద్‌లో ఎవరో సరదాపడి దాన్ని ఇల్లుగా మార్చుకున్నారు. వెనక మంచం, గిన్నెలు కడుక్కునే చిన్న తొట్టి, ఒక పొయ్యి, కిటికీకి పువ్వుల తెర. సరదా తీరాక అమ్మేశారు. కొన్నది ధారూర్ దగ్గరి గొర్రెల కాపరి కుటుంబం.

నవ్వకండి, కారణం ఉంది. ఆ కుటుంబం ఏడాదిలో ఎనిమిది నెలలు మంద వెంటే తిరుగుతుంది. ఎరువు కోసం రైతులు పిలిచిన చేలల్లో మంద పెట్టుకుంటూ, బంట్వారం మీదుగా కన్నడ సీమ దాకా పోతారు. ఇంటి చిన్నకోడలు తొమ్మిదేళ్లు గాడిద మీద గిన్నెలు వేసుకుని వాళ్ల వెనక నడిచింది. రెండో బిడ్డను కందిచేను గట్టు మీద కన్నది. ఆ తర్వాత మొగుడికి ఒకే మాట చెప్పింది: నేను రావాలంటే ఇల్లు కూడా రావాలి. అతను వెతికి వెతికి ఈ వ్యాను తెచ్చాడు. ట్రాక్టరు నడిపే తమ్ముడి దగ్గర ఆమె డ్రైవింగ్ నేర్చుకుంది.

కొన్న కొత్తలో ఒకసారి నా దగ్గరికే తెచ్చారు. పాత యజమాని పెట్టించిన గ్యాస్ కిట్టు మీద ఆమెకు నమ్మకం లేదు. పిల్లలు పడుకునే చోట సిలిండరు వద్దంది. తీసేసి పెట్రోలు మీదనే నడిచేట్టు చేసి ఇచ్చాను. ఆ పని నేనే స్వయంగా చేశాను.

ఆర్నెల్ల తర్వాత, చలికాలంలో, మళ్లీ తెచ్చింది. వెంట ఆమె బావ, అంటే మొగుడి అన్న, ఆ మందకు పెద్ద కూడా వచ్చాడు.

"పటేలా, గిది నిలవడ్డ కాడ వణుకుతది. వణికి వణికి బందైతది," అన్నది.

"రోడ్డు మీద?"

"రోడ్డు మీద మంచిగనే ఉరుకుతది."

"మరి ఫికరేముంది? రోడ్డు మీదనే నడుపు."

"మా గొర్లు ఉరుకయి గద పటేలా. ముందల మంద నడుస్తది, ఎనుక నేను నడిపిస్త. పొద్దంత ఫస్ట్ గేరే. యాక్సిలేటర్ మీద కాలు పెట్టే పనే ఉండదు."

ఇది నా చెవికి ఎక్కడానికి చాలా సమయం పట్టింది. మనందరికీ ఐడ్లింగ్ అంటే, యాక్సిలేటర్ తొక్కకుండా ఇంజను తిరగడమంటే, రైల్వే గేటు దగ్గర రెండు నిమిషాలు. ఆమెకు అదే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా. వణుకు వల్ల గిన్నెలు దొర్లుతున్నాయి, పాలు ఒలుకుతున్నాయి. ఇంజను ఆగిపోయి మళ్లీ మళ్లీ స్టార్ట్ చేసేసరికి బ్యాటరీ పోతోంది. ఆలోగా మంద రెండు చేలు దాటిపోతోంది.

"గొర్లకు నాలుగు కాళ్లున్నయి, మనకు రెండున్నయి. నడుమ ఈ చక్రాలెందుకు?" అన్నాడు బావ. "ఆదివారం పొద్దుగాల మంద కన్నడ దిక్కు కదులుతది పటేలా. గప్పటిదాంక వణుకు పోతే సరి. పోకుంటే తుక్కుకు ఏస్త. మాట్లాడి పెట్టిన."

"ఎయ్యి బావ," అన్నది ఆమె, తల ఎత్తకుండానే. "నేను ఇంటికాడనే ఉంట పిల్లలతోని. మంద ఒక దిక్కు, నేనొక దిక్కు. ఎనిమిది నెలలు నీ తమ్మునికి రొట్టెలు నువ్వే చేసిపెట్టు."

ఆయన రొట్టెల సంగతి ఆయనకు తెలిసే ఉంటుంది. కాని ఆమె మాట బెదిరింపు కాదని నాకు అర్థమైంది. బండిని ఒక చేత్తో పట్టుకునే నిలబడి ఉంది, సొంత ఇంటి గోడను పట్టుకున్నట్టు.

వెళ్లబోతూ ఆగింది.

"ఇంకో మాట పటేలా. ఒక్కొక్కపారి వణుకు దానంతటదే ఆగుతది. మా పిల్ల లేసి తిరుగుతున్నప్పుడు ఆగుతది, పండుకుంటే మళ్ల మొదలైతది."

"ఏ పిల్ల?"

"గొర్రెపిల్ల. తల్లి సచ్చింది. సీసతోని పాలు పట్టి వ్యానులనే పెంచుతున్న."

"గొర్రెపిల్లకు, ఇంజనుకు సంబంధం లేదమ్మా."

"ఉన్నదంటలేను. ఆగుతదంటున్న."

అప్పుడు వ్యానులోంచి ఆ పిల్ల తల బయటికి పెట్టి నా చొక్కా వైపు చూసింది. నా షెడ్డులోకి గొర్రెలు రాకూడదని చెప్పి దాన్ని దింపించాను. మీరు గుర్తుపెట్టుకోండి, జబ్బు మనిషిని లోపలికి పిలిచి జబ్బును బయటే నిలబెట్టిన మెకానిక్‌ను నేను.

తర్వాతి నాలుగు రోజులు నా వృత్తి జీవితంలో అత్యంత ఘనమైనవి. ప్రతి సాయంత్రం ఒక జబ్బు కనిపెట్టాను. మొదటి రోజు గాలి ఫిల్టరు విప్పితే గొర్రె ఉన్ని. దొరికిందన్నాను. రెండో రోజు ప్లగ్గులు. మూడో రోజు ఇంజనును పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు. నాలుగో రోజు కార్బురేటరు పూర్తిగా విప్పి కడిగించాను. ప్రతి ఉదయం వ్యాను స్టార్ట్ చేయగానే అదే వణుకు. పక్కన నాపరాళ్లు పాలిష్ చేసే మిషన్లు పొద్దంతా గీపెడుతుంటాయి కాబట్టి చెవికి స్క్రూడ్రైవర్ ఆనించినా సన్నటి చప్పుళ్లు నాకు అందవు. ముప్పై ఏళ్లుగా అందలేదు. ఎవరికీ చెప్పలేదు.

పెద్ద మిస్త్రీ కిందినుంచి జరిగి బయటికి వచ్చి, వీపు దులుపుకుంటూ అన్నాడు:

"సాబ్, జబ్బులు మస్తు దొరికినయ్. వణుకొక్కటే దొరుకుతలేదు."

నాలుగో రోజు సాయంత్రం నేనొక పని చేశాను. చెప్పడానికి ఇష్టం లేదుగాని మీరూ చేస్తారు కనుక చెబుతాను. ఐడ్లింగ్ స్క్రూ రెండు చుట్లు బిగించాను. ఇంజను వేగం పెరిగితే వణుకు మునిగిపోతుంది. బండి బాగైనట్టే ఉంటుంది. ఆమె సంతోషంగా తీసుకెళ్లింది.

మర్నాడు మధ్యాహ్నానికి తిరిగి వచ్చింది.

"పటేలా, ఇప్పుడు వణుకుతలేదు గాని ఆగుతలేదు."

"అంటే?"

"కాలు పెట్టకున్నా గొర్ల కంటె జోరుగ పోతుంది. ఎనుక నడిచే కుంటిగొర్రెను రెండుపార్లు దొబ్బింది. ఇప్పుడది వ్యానును చూస్తే గట్టెక్కి నిలవడుతుంది, దిగుమంటే దిగుతలేదు."

పెద్ద మిస్త్రీ గోడ వైపు తిరిగాడు. ఆయన భుజాలు కదలడం చూశాను. స్క్రూ మళ్లీ వదులు చేశాను. వణుకు తిరిగి వచ్చింది. ఆ రోజు శుక్రవారం. "ఆదివారం మీరు వస్తరా?" అని ఆమె అడిగింది. మా ఇంట్లో ఎవరూ ఎవరి మందకూ వెళ్లిన చరిత్ర లేదు. వస్తానన్నాను.

ఆదివారం పొద్దున ప్యాసింజరు రైల్లో ధారూర్ దిగి, నేనూ మిస్త్రీ చేలకు అడ్డంపడి నడిచాం. నేను తెల్ల చొక్కాలో, ఆయన పనిముట్ల సంచితో. కంది కోసేసిన చేను. వల కట్టిన దొడ్లో మంద లేచి నిలబడి ఉంది. ఆమె మొగుడు గొర్రెలను లెక్కపెట్టుకుంటూ అటు తిరిగి ఉన్నాడు, ఇటు చూసే ధైర్యం లేనట్టు. గట్టు మీద తుక్కు కొనే ఆయన తన ఆటో ట్రాలీ ఆపుకుని చాయ్ తాగుతున్నాడు. నడుమ వ్యాను.

వ్యాను స్టార్ట్ చేసే ఉంది. వణకడం లేదు.

నేను నమ్మలేదు, కాని నమ్మినట్టు కనిపించాను. అంత నిశ్శబ్దమైన చోట అంత సాఫీగా నడిచే ఇంజనును నేను చాలాకాలంగా వినలేదు. బావ ఒక గ్లాసు నిండా పాలు పోసి డ్రైవర్ సీటు ముందు పెట్టాడు. పాల మీద గీతయినా పడలేదు.

"కార్బురేటరే," అన్నాను. "కడిగినంక సెట్ కావడానికి రెండు రోజులు పడుతది."

ఇలాంటి విషయమేదీ లోకంలో లేదు. కాని బావ తలూపి గట్టు వైపు చెయ్యి ఊపాడు. తుక్కాయన చాయ్ గ్లాసు కడిగి ఇచ్చేసి ఆటో తిప్పుకున్నాడు. ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడు వ్యాను పక్క తలుపులోంచి గొర్రెపిల్ల కిందికి దూకింది. పాలల్లో గీతలు పడ్డాయి. తర్వాత గ్లాసు సీటు మీదికి ఒరిగింది. వ్యాను వణికి వణికి ఆగిపోయింది.

తుక్కాయన ఆటో ఆపేసి దిగాడు.

ఆ తర్వాత జరిగింది ఎవరైనా దూరంనుంచి చూసి ఉంటే మా అందరినీ కలిపి ఆసుపత్రికి పంపేవారు. పిల్లను ఎత్తి లోపల పెట్టారు, ఇంజను వేశారు. కాసేపటికి వణుకు పోయింది. పిల్లను దింపారు. వణికింది. ఎక్కించారు. పోయింది. మూడోసారి పిల్ల విసుక్కుంది.

"సాబ్," అన్నాడు మిస్త్రీ గంభీరంగా, "పిల్ల ఎక్కితే వణుకు దిగుతుంది."

"అయితే దాన్ని గాడనే కట్టేస్త," అన్నాడు బావ.

"భయ్, నేను మస్తు బండ్లు తుక్కు జేసిన," అన్నాడు తుక్కాయన. "గొర్రెపిల్ల మీద నడిచే బండి ఇదే చూసుడు. కోస్తే పాపం తగులుతది."

ఆమె నా వైపు చూసింది. "నేను చెప్పలే పటేలా?" అని అనలేదు. అని ఉంటే తేలికగా ఉండేది.

పిల్ల లోపల ఏం చేస్తోందో చూడాలంటే ఎవరో ఒకరు వ్యానులోకి ఎక్కి, మోకాళ్ల మీద వంగి, నేలకు తల ఆనించాలి. మిస్త్రీ అలవాటుగా సంచి కింద పెట్టాడు. నేను ఆయన భుజం పట్టి ఆపాను. పిల్ల వెళ్తున్న మూల నాకు గుర్తొచ్చింది. గ్యాస్ కిట్టు తీసేసినప్పుడు అక్కడ ఒక సన్నటి రబ్బరు గొట్టం మిగిలింది. ఇంజను గాలి పీల్చే దారికి అతికి ఉండేది. దాని కొసకు నేనే చిన్న రబ్బరు మూత తొడిగాను. నిలబడి, సీటు పైనుంచి చెయ్యి దూర్చి, చూడకుండా, వేళ్లతో తడిమి. మూత జారకుండా క్లిప్పు పెట్టాలి. క్లిప్పు పెట్టాలంటే వంగాలి.

ఎక్కాను. వంగాను. మోకాళ్ల కింద గొర్రెపిల్ల ఏం వదిలిందో మీరు ఊహించుకోగలరు.

చలికి వెచ్చగా ఉంటుందని ఆమె ఇంజను వెనక చెక్క తలుపు తీసి, దాని ముందే పిల్లకు గోనె పరిచింది. ఆ సందులో పిల్ల మెడ చాచి నా గొట్టం కొసను నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, తోక ఆడిస్తూ చీకుతోంది. మూత ఎప్పుడో పీకేసింది. సీసా పీక అనుకుని ఉంటుంది. పిల్ల ఇంజనును పాలడుగుతోంది, ఇంజను పిల్ల నోట్లోంచి గాలి అడుగుతోంది. ఎవరికీ ఏమీ దొరకడం లేదు, ఇద్దరూ ప్రశాంతంగా ఉన్నారు.

పిల్లను పక్కకు తప్పించాను. సన్నగా బుస్‌మన్న చప్పుడు, ఆ వెంటనే వణుకు. బొటనవేలు అడ్డం పెట్టాను. వణుకు ఆగింది. ఇంజను నిలకడగా ఉన్నప్పుడు కొలిచినట్టు గాలి తీసుకుంటుంది. పక్క దారిన దొంగగాలి చొరబడితే తట్టుకోలేదు. జోరుగా నడిచేటప్పుడు ఆ కాస్త గాలి లెక్కలోకి రాదు. ఇది మొదటి ఏడాది నేర్చుకునే పాఠం. వ్యానులో నేను విప్పని భాగం లేదు, నేను చేసిన పని ఒక్కటి తప్ప. నేను చేశాను కనుక అది బాగానే ఉంటుంది.

"దొరికిందా?" బావ బయటినుంచి అడిగాడు.

"దొరికింది. పిల్ల మూత పీకింది," అన్నాను.

అబద్ధం కాదు. కాని ఆయన ఆలోచించి, "మాకు తల్లిలేని పిల్ల ఏడాదికొకటి ఉండనే ఉంటది. ఇది పెద్దగైతే ఇంకోటి. మళ్ల గట్లనే పీకుతది. ఇంక అమ్ముడే మంచిది," అన్నాడు. తుక్కాయన ట్రాలీ తలుపు గొళ్లెం తీసిన చప్పుడు వినిపించింది.

నా బొటనవేలు గొట్టం మీదే ఉంది. తప్పు పిల్లదైతే ఈమె ఇల్లు పోతుంది. తప్పు నాదైతే ఉంటుంది. ఇంత సూటిగా లెక్క తేలిన సందర్భం నా జీవితంలో మరొకటి లేదు. అయినా నోరు తెరవడానికి ఎంత సేపు పట్టిందో చెప్పను.

"తప్పు పిల్లది కాదు," అన్నాను. "ఆ మూత తొడిగింది నేను. క్లిప్పు పెట్టలేదు. క్లిప్పు పెడితే గొర్రెపిల్ల కాదు, ఎద్దు గుంజినా రాదు."

బయట గొళ్లెం చప్పుడు ఆగింది.

"మీరా పటేలా?" అన్నాడు బావ.

"నేనే."

"వంగి చూడలేదా?"

"వంగలేదు."

బావ వచ్చి తలుపు దగ్గర కూర్చుని, మోకాళ్ల మీద ఉన్న నన్ను కాసేపు చూశాడు. వెటకారం లేదు ముఖంలో.

"మీ తాత ముందల వంగి వంగి మా తాతకు నడుము పోయిందని చెప్పేటోళ్లు ఇంట్ల," అన్నాడు. "మీరు వంగక మా ఇంజను పోయింది."

వేలు తీయకుండానే రెండో చెయ్యి మిస్త్రీ వైపు చాపాను.

మిస్త్రీ సంచిలోంచి కొత్త మూత, క్లిప్పు అందించాడు. స్క్రూడ్రైవరూ అందించాడు, పిడి నా వైపు పెట్టి. ఇరవై ఆరేళ్లలో ఆయన నిలబడి, నేను కింద ఉండి చేసిన పని అదొక్కటే. చెక్క తలుపు బదులు ఏదైనా జాలీ కావాలన్నాను, వేడి రావాలి, మూతి దూరకూడదు. ఆమె పిండి జల్లెడ తెచ్చి, చెక్క చట్రం విరగ్గొట్టి ఇనుప జాలీ చేతిలో పెట్టింది.

"రొట్టెలెట్ల?" అన్నాడు బావ.

"జల్లించని పిండితోనే తినుర్రి. కడుపుకు మంచిదంట."

తర్వాత బావ గ్లాసులో మళ్లీ పాలు పోసి సీటు ముందు పెట్టాడు. పిల్లను దింపి దూరంగా పట్టుకున్నారు. ఇంజను నడిచింది. అందరం గ్లాసు చుట్టూ నిలబడి చూశాం, పావుగంట దాకా. పాలు కదలలేదు. చివరికి తుక్కాయన ఆ గ్లాసు తీసి, పాలు తాగేసి, మూతి తుడుచుకుని, "ఇది నాకు రాదు," అని ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

మంద కదిలింది. ముందు ఆమె మొగుడు, బావ, గొర్రెలు. వెనక వ్యాను. కుంటిగొర్రె కాసేపు గట్టు మీదినుంచి అనుమానంగా చూసి, దిగి చక్రం పక్కన నడక కలిపింది. ఆమె కిటికీలోంచి చేతులు జోడించింది.

మా ఇంట్లో ఒక మర్యాద ఉంది. సాగనంపిన వాళ్లు కనుమరుగయ్యేదాకా వెనక్కి తిరగకూడదు. మా తాతగారు గుమ్మంలో నిటారుగా నిలబడేవారు. ఆయన సాగనంపినవాళ్లంతా కార్లలో వెళ్లినవాళ్లు. గొర్రెల నడకన వెళ్లే ఇంటిని సాగనంపితే ఎంతసేపు నిలబడాలో ఆయనకు తెలియదు. నాకు తెలిసింది. అరగంట తర్వాత వ్యాను రెండు చేల అవతల ఉంది. ఆమె చెయ్యి బయటికి పెట్టి, ఇక వెళ్లమని ఊపింది. నేను నిలబడే ఉన్నాను, మోకాళ్ల దగ్గర ప్యాంటు పచ్చగా. ఇంకో పావుగంటకు మళ్లీ ఊపింది. తాండూరు రైలు కూత వేసి వెళ్లిపోయింది.

మిస్త్రీ గట్టు మీద కూర్చుని బీడీ వెలిగించాడు.

"కనిపిస్తుందా సాబ్?"

"కనిపిస్తుంది."

చాలాసేపటికి వ్యాను కోయని కందిచేను వెనక్కి తిరిగింది. పువ్వుల తెర ఒక్కటి కాసేపు కనిపించి అదీ పోయింది.

"పోదమా?" అని లేచాడు మిస్త్రీ.

"ఆగు," అన్నాను. "చప్పుడింకా వినిపిస్తుంది."